నిలబడి అరిగిన జీపు

ఆత్మకూరు అవతల, అడవి అంచు గూడేల్లో దూది ఏకి తిరిగి వేంపల్లెకు వస్తుంటే మా జీపు కింద మూలుగు మొదలైంది. మొదట నేను గాలి అనుకున్నాను. టార్పాలిన్ తాడు వదులైతే అట్లాగే మూలుగుతుంది. చెయ్యి బయటికి పెట్టి తాడు పట్టుకుని చూశాను. తాడు బిగుతుగానే ఉంది, మూలుగు మాత్రం ఆగలేదు. బండి జోరు పెరిగితే అదీ పెరుగుతోంది, తగ్గితే తగ్గుతోంది. కాళ్ళ కింద రేకులో నుంచి పిక్కల్లోకి ఎక్కుతోంది.

బండి తోలేది నా మరిది, మా ఆయన తమ్ముడు. మా ఆయన పోయినప్పటి నుంచి జీపు అతను చూసుకుంటాడు, దూది ఏకే మిషన్ నేను చూసుకుంటాను. నేను అతని మొహం చూశాను. కళ్ళు రోడ్డు మీదే ఉన్నాయి, చెవి మాత్రం కిందనే ఉంది.

"మళ్ళీనా?" అన్నాను.

"మళ్ళీనే వదినా."

"మొన్న మొన్ననే కదా బేరింగు మార్పించినాము. అప్పుడే ఏమొచ్చె దానికి?"

"నాకేం తెలుసు. నేను దాని కడుపులో ఉండానా?"

అట్లా కసురుకునే మనిషి కాదు. అందుకే నేను ఇంకేం అడగలేదు. కానీ ఊరికే కూర్చోలేక తాడు ముడి విప్పి మళ్ళీ వేశాను, మళ్ళీ విప్పాను.

మా ఇళ్ళల్లో తాతల నాటి నుంచి దూది ఏకడమే పని. మా మామ కాలం దాకా విల్లు భుజాన వేసుకుని ఊరూరా నడిచి తిరిగేవాళ్ళు. మా ఆయన విల్లు వదిలి మిషన్ కొన్నాడు. మిషన్‌ను మోసుకుపోవడానికి, ఎవరో వేలంలో వదిలించుకున్న పాత జీపు కొన్నాడు. నాలుగు చక్రాలూ లాగే రకం అది. మామూలు బండ్లకు రెండు చక్రాలే పని చేస్తాయి, మిగిలిన రెండూ ఊరికే దొర్లుతాయి. మా జీపులో పెద్ద గేరు కర్ర పక్కన చిన్న కర్ర ఇంకొకటి ఉంటుంది. అది వేస్తే ముందు చక్రాలు కూడా లాగుతాయి, అందుకే దాన్ని ముందు కర్ర అంటారు. ఇసుక వంకలు దాటాలన్నా, నల్లరేగడి బురదలో నుంచి బయటపడాలన్నా, నల్లమల వైపు ఎగువ దారి ఎక్కాలన్నా అదే దిక్కు. ఆ బలాన్ని ముందుకూ వెనక్కూ పంచే పెట్టె ఒకటి సీట్ల కింద ఉంటుంది. మెకానిక్కులు దాన్ని రెండో గేర్‌బాక్సు అంటారు. మూలుగు వచ్చేది దాంట్లో నుంచే.

మా ఆయన జీపు వెనక సీట్లు పీకేసి, అక్కడ ఏకే మిషన్‌నూ దాన్ని తిప్పే డీజిల్ ఇంజన్‌నూ బోల్టులతో బిగించాడు. ఊళ్ళోకి పోతాం, గోడ నీడ చూసి బండి నిలబెడతాం, ఇంజన్ స్టార్ట్ చేస్తాం. ఆడవాళ్ళు చీకిపోయిన బొంతలు, గడ్డకట్టిన పరుపులు తెచ్చి కుప్ప పోస్తారు. పొద్దున మొదలుపెడితే పొద్దు గూకేదాకా ఇంజన్ ఆగదు. అంతసేపూ జీపు నిలబడిన చోటనే వణుకుతూ ఉంటుంది. నీళ్ళ చెంబు బానెట్ మీద పెడితే అది తనంతట తాను నడుచుకుంటూ అంచు దాకా పోయి కింద పడేది. ఊళ్ళో పిల్లలకు అదో తమాషా.

ఈ పనిలో దుమ్ము మనిషిని తినేస్తుంది. మా ఆయన ఊపిరితిత్తులు దానికే పోయాయి. ఆయన పోయాక మా వాళ్ళ పద్ధతి ప్రకారం గడువు తీరేదాకా నేను గడప దాటకూడదు. ఆ నెలలు ఎట్లా గడిచాయో నాకే తెలుసు. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎటు పోవాలో తెలిసేది కాదు. ఏకిన దూదినే మళ్ళీ చేత్తో ఏకేదాన్ని. కుట్టిన బొంత విప్పి మళ్ళీ కుట్టేదాన్ని. బయట జీపు చప్పుడైతే పాదాలు వాటంతట అవే కదిలేవి. గడువు తీరిన పొద్దున స్నానం చేసి, నేరుగా పోయి జీపులో కూర్చున్నాను. ఎక్కడికని మరిది అడిగితే ఎక్కడికైనా అన్నాను. నేను ఇంట్లో కూర్చునే మనిషిని కాదు. రోడ్డు మీద ఉంటేనే నాకు కడుపులో కుదురుగా ఉంటుంది.

సరే, ఆ మూలుగుతోనే వేంపల్లె చేరాం. మెకానిక్ షెడ్డు కడప రోడ్డులో ఉంది. మా ఆయన స్నేహితుడే ఆ మెకానిక్. జీపు కిందికి దూరి పెట్టె దించి విప్పాడు. నూనెలో ఇనుప పొడి ఇసుక మాదిరి మెరుస్తోంది. గేరు చక్రం పైకి తీసి చూపించాడు. పళ్ళ అంచులు ఎలుక కొరికిన కొబ్బరి చిప్ప మాదిరి ఉన్నాయి.

"బేరింగొకటే కాదక్కా, ఈసారి గేరు గూడా పోయినాది," అన్నాడు నాతో. తర్వాత మరిది వైపు తిరిగాడు. "తారు రోడ్డు మీద ముందు కర్ర ఏసుకోని తోలినావా ఏమప్పా?"

అది ఎందుకు తప్పో నాకూ కొంచెం తెలుసు. మట్టిలో అయితే చక్రాలు అక్కడక్కడా జారి సర్దుకుంటాయి. గట్టి రోడ్డు మీద జారవు. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు ఒక దూరం, వెనక చక్రాలు ఒక దూరం పోవాలి. పోలేక ఆ మెలి అంతా తెచ్చి పెట్టెలో ఉన్న గేర్ల మీద పెడతాయి. ఇది మా మరిదికి తెలియదా? ఇసుక దాటగానే ముందు చెయ్యి పోయేది చిన్న కర్ర మీదికే. నా కళ్ళతో చూసేదాన్ని.

అతను మెకానిక్ మొహం కొంచెంసేపు చూసి తల దించుకున్నాడు.

"మర్చిపోయి తోలినానేమో," అన్నాడు.

"నువ్వా? మర్చిపోయినావా?" అన్నాను నేను.

"మనిషినే కదా వదినా."

నాకు అది మింగుడుపడలేదు.

ఇంటికి పోతే మా అత్త మంచం మీద కూర్చుని దూదిలో గింజలు ఏరుతోంది. కళ్ళు సరిగా ఆనవు, వేళ్ళతోనే చూస్తుంది. బండి రాలేదని చెవితోనే పట్టేసింది.

"బండి యాడ?"

"షెడ్డులో ఉండాదమ్మా," అన్నాడు మరిది.

"మళ్ళా చెడగొట్టినావా? మీ అన్న ఉన్నన్నాళ్ళు అది ఒక్కనాడన్నా మూలిగిందా? వాడు తోలితే పూలతేరు మాదిరి పోతాండె. నువ్వు తోలితే ముసల్దాని మాదిరి మూల్గుతాది. అన్న సొమ్మే కదా అని లెక్క లేకుండా తోల్తాండావు."

"నాకు రాదులేమా. వచ్చినోడు లేడు."

"లేడు కాబట్టే అడుగుతాండా. ఉంటే నీతో నాకేం పని?"

అతను నీళ్ళు తాగి చెంబు బోర్లించి అన్నాడు. "కొండ మీద కరెంటు గాలిమరలోళ్ళకు జీపు తోలే మనిషి కావల్లంట. వచ్చే వారం రమ్మన్నారు. పోతా."

అత్త గింజలు ఏరడం ఆపలేదు. "పో," అంది.

అతను పోతే జీపు ఎవరు తోలుతారు? కూలికి వచ్చే డ్రైవరు గూడేల్లో పడుకుని, దుమ్ములో తిని, ముండమోసిన ఆడదానితో ఊళ్ళు తిరుగుతాడా? తిరిగినా ఊరు ఊరుకుంటుందా? జీపు అమ్మేస్తారు. మిషన్ దించి వసారాలో పెడతారు. ఎవరో ఒకరు బొంత తెస్తారా అని నేను ఆ వసారాలో వీధి చూస్తూ కూర్చోవాలి. గడువు రోజులు మళ్ళీ వచ్చినట్టే. ఈసారి తీరేది కూడా ఉండదు.

మరునాడు అతను షెడ్డు నుంచి వస్తూ పాత బేరింగు కప్పు గుడ్డలో చుట్టి తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టాడు. బేరింగు కప్పు అంటే, లోపల చిన్న ఇనుప దుంగలు దొర్లడానికి వాటి చుట్టూ ఉండే ఉంగరం. చేతి గాజు కన్నా కొంచెం పెద్దది. మా ఇంట్లో వాటికి ఒక వాడకం ఉంది. గుండ్రటి అడుగున్న ముంతలూ నూనె గిన్నెలూ దొర్లిపోకుండా కింద కుదురుగా పెడతాం. మా ఆయన అప్పుడప్పుడూ ఒకటి తెచ్చి, "ఇందా, నీ ముంతకు కుదురు," అని ఇచ్చేవాడు. మెకానిక్ చెత్తలో నుంచి ఏరుకొస్తున్నాడని అనుకునేదాన్ని.

ఆ కప్పును కడుగుదామని తీసుకున్నాను. వేలితో లోపల తుడుస్తుంటే గోరు తగులుకుంది. ఒక వైపు గీతలు గీతలుగా ఉంది, దువ్వెన పళ్ళ మీద గోరు లాగినట్టు. గీతకూ గీతకూ మధ్య ఒకే ఎడం. రెండో వైపు మాత్రం అద్దం మాదిరి నున్నగా ఉంది. దూదిలో గింజ తగిలితే ఆగే వేళ్ళు ఇవి, ఆగిపోయాయి. తిరిగే వస్తువు తిరిగి తిరిగి అరిగితే చుట్టూ అరగాలి కదా. ఇది ఒక పక్కనే ఎందుకు అరిగింది?

గట్టు మీద ఉన్న నూనె ముంత పైకెత్తి దాని కింది కుదురు తీశాను. లోపల వేలు పెట్టాను. అవే గీతలు, ఒక పక్కనే. ఉప్పు ముంత ఎత్తాను. అదీ అంతే. వరసగా అన్నీ ఎత్తేశాను. గట్టు మీద ముంతలు ఒకదాని మీదికొకటి దొర్లాయి, నూనె ఒలికింది.

"ఏం పడగొడతాండావు?" అని అత్త బయటి నుంచి కేకేసింది.

"ఎలుక," అన్నాను.

ఈ పాత కుదుర్లన్నీ మా ఆయన చేతుల మీదుగా వచ్చినవి. మరిది స్టీరింగ్ పట్టకముందువి. కొంగులో మూటగట్టుకుని షెడ్డుకు నడిచాను. నడవలేదు, పరుగెత్తాను.

మెకానిక్ టీ తాగుతున్నాడు. మూట బల్ల మీద కుమ్మరించాను.

"ఇవన్నీ ఒకే జబ్బుతో పోయినాయా?"

అతను వాటిని చూసి, నన్ను చూసి, టీ గ్లాసు చూశాడు. "కూర్చోక్కా. నీకూ ఒక టీ చెప్తా."

"కూర్చోను. చెప్పు."

"పాతవి కదా. ఏమన్నా కావొచ్చు."

"అన్నా, నాకు బేరింగు డబ్బా మీద రాసింది చదవను రాదు. వేలికి తగిలింది మాత్రం తెలుస్తాది. ఇది తోలినందుకు అరిగింది కాదు. అవునా, కాదా?"

అతను ఒక కప్పు తీసుకుని, అందులో దొర్లే దుంగలను గీతల మీద పెట్టి చూపించాడు. దుంగకొక గీత, సరిగ్గా కూర్చున్నాయి.

"ఇది నిలబడి అరిగిందక్కా. బండి తిరుగుతాంటే నూనె చుట్టూ తిరుగుతాది, దుంగలు దొర్లుతాంటాయి, ఏం కాదు. మీ బండి పొద్దంతా నిలబడి వణుకుతాది. ఆ బరువు మీద దుంగ ఒకే చోట కూర్చోని ఇట్ల ఇట్ల కొట్టుకుంటాది. నూనె పక్కకు పోతాది. ఇనుము ఇనుమును గీకుతాది. తర్వాత రోడ్డు మీద పోతే ఆ గీతల మీద దొర్లి మూల్గుతాది. అట్లనే తోల్తే ఇరుసు వదులవుతాది, గేరు పళ్ళు కుదురుగా పడక అంచులు కొరుక్కుంటాయి."

"ఇంజను ఆడేటప్పుడు జీపు జరగకుండా ఏం చేస్తాండిరి?"

"హ్యాండ్ బ్రేకు ఎప్పుడో పోయినాది. ఊళ్ళల్లో అంతా వాలు. అందుకని గేరులో పెట్టి, ముందు కర్ర గూడా ఏసి, నాలుగు చక్రాలూ పట్టుకునేటట్ల నిలబెడతాండె మీ ఆయన. అప్పుడు ఆ వణుకంతా పోయి గేరు పంటి మీదనే కొడతాది. ఒకే పంటి మీద, పొద్దంతా. తమ్మునికీ అదే నేర్పినాడు."

"నువ్వు ఆయనకు చెప్పలేదా?"

"శానాసార్లు చెప్పినా. మిషను కిందికి దించి ఆడించప్పా అని. ఆయప్ప ఏమనె అంటే, 'దించేదానికి ఇద్దరు గట్టోళ్ళు కావల్ల. మా ఇంటామెకు కడుపు ఆపరేషన్ అయినాది, బరువు ఎత్తగూడదన్నారు. నేను ఒక పక్క పడితే ఆమె ఊరుకుంటాదా, ఇంగో పక్క పడతాది. బేరింగు అంగట్లో దొరుకుతాది, పోతే పోనీ.' అట్ల అని ఎప్పుడు మూలిగితే అప్పుడు తెచ్చి మార్పించుకోని పోతాండె. నీకు చెప్పొద్దనె."

నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. "మరి మా మరిది మీదికి ఏంటికి తోసినావు?"

"నేను తోయలేదక్కా. మొన్న బేరింగు మార్చినప్పుడే మీ మరిది అడిగినాడు, తప్పు తోలిందాని మీద పెట్టమని. అన్న చేసిందంటే మా యమ్మ తట్టుకోలేదన్నాడు. పోయినోళ్ళ మీద మాట ఏంటికని నేనూ గమ్మునుంటి."

టీ వచ్చింది. నేను తాగలేదు. కప్పులు మూటగట్టుకుని బయటపడ్డాను. ఎండలో నడుస్తుంటే మూట నా తొడకు కొట్టుకుంటోంది. నా కడుపు కోసింది నిజమే. కానీ దాని గురించి మొగుడు ఒక మాట, మరిది ఒక మాట, మెకానిక్ ఒక మాట. నాతో మాత్రం ఎవరూ అనలేదు. అడిగి ఉంటే ఏదో ఒక దారి చూసేదాన్ని కదా అని రోడ్డు మీదే పైకి అన్నాను. పక్కన పోతున్న ఆమె తననేమో అనుకుని నిలబడింది.

ఇంటి ముందు మరిది సంచి సర్దుకుంటున్నాడు. మూట చూడగానే అర్థమైనట్టుంది. చేతిలోని చొక్కా మడత ఆగింది.

"తెలిసి గూడా ముందు కర్ర ఏసి నిలబెడతాంటివి కదా. ఏంటికి?" అన్నాను.

"దించాలంటే నువ్వు పట్టుకోవల్ల. నేనొద్దంటే నువ్వు ఇంటావా?"

"ఇనను."

"అందుకే."

"ఇప్పుడు పోయి మీ అమ్మతో చెప్తా."

అతను లేచి గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. గొంతు తగ్గించాడు. "అన్న తప్పు అనొద్దు వదినా. నాదే అను. నేను ఎట్లాగూ పోతాండా. ఆ యమ్మకు మిగిలింది ఆ పేరొకటే."

"నువ్వు ఆ మాట మోసుకోని పోతావు. నేను ఈడ దాని మీద కూర్చోని ముంతలు కడుక్కుంటా. నాతో కాదు. జరుగు."

అతను జరగలేదు. నేను అతని చంక కింద నుంచి దూరి పోయాను.

అత్త మంచం మీద కప్పులన్నీ పరిచాను. ఆమె చెయ్యి పట్టుకుని ఒక్కొక్క దాని లోపల బొటనవేలు పెట్టించాను. ఆమె కూడా దూది ఏకేవాడి పెళ్ళామే. వేలు ఆగిన చోట ఆగింది, నున్నగా ఉన్న చోట జారింది.

"ఏందివి?"

"నీ పెద్దకొడుకు తెచ్చిన కుదుర్లు. జీపులో నుంచి పీకినవి. ఆయన తోలేటప్పుడూ బండి మూలిగింది అత్తా. మనకు ఇనపడకముందే మార్పించుకోని వస్తాండె." మెకానిక్ చెప్పిందంతా చెప్పాను. మిషన్ వణుకు, గేరులో పెట్టి నిలబెట్టడం, ముందు కర్ర, అంతా.

"సచ్చినోడు లేచొచ్చి చెప్పుకోలేడని వాని మీదికి తోస్తాండావా?" అంది. "మొగుని మీద చెప్పేదానికి నోరెట్ల వచ్చె నీకు?"

"నా మొగుడు కాబట్టే వచ్చె. ఆయన ఎందుకు దించలేదో గూడా ఇను." నా ఆపరేషన్ సంగతి, బేరింగు అంగట్లో దొరుకుతుందన్న మాట చెప్పాను.

అత్త కప్పు ఒకటి చేతిలో తిప్పుతూనే ఉంది. గుమ్మంలో మరిది గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు.

"వాడు చిన్నప్పుడూ అంతే," అంది చివరికి. "చెప్పు తెగితే చెప్పేటోడు కాదు. రెండోది గూడా యాడనో పారేసి వట్టి కాళ్ళతో ఇంటికొచ్చేటోడు. అడిగితే, కాళ్ళకు హాయిగా ఉండాదమ్మా అనేటోడు." ముక్కు చీదింది. తర్వాత గుమ్మం వైపు మొహం తిప్పింది. "వాడు సరే. నీకేమొచ్చిందిరా? నేను తిడతాంటే మొద్దు మాదిరి తింటాంటివే."

"నువ్వు తిట్టకుండా ఎప్పుడుంటివి," అన్నాడు మరిది. "ఇది ఒకటి ఎక్కువైతే ఏం."

"కూడు తిన్నావా?"

"లేదు."

"తిను పో."

అతను తిన్నాడు. సంచి మాత్రం విప్పలేదు. గాలిమరల వాళ్ళకు మాట ఇచ్చేశానన్నాడు. అత్త పోవద్దని అనలేదు. ఆమె నోట ఆ మాట రాదు. నేనూ అనలేదు. పోవద్దని చెప్పే హక్కు నాకు ఎక్కడిది? పెళ్ళాన్ని తెచ్చుకోవలసిన వయసులో అతను వదినను ఊళ్ళు తిప్పుతున్నాడు. కానీ నేను కూర్చోలేకపోయాను. మళ్ళీ షెడ్డుకు పోయాను. మిషన్‌ను ఎవరూ ఎత్తకుండా కిందికి దించే దారి చెప్పమన్నాను. మెకానిక్ తల గోక్కుని, ఇనుప పట్టాలు రెండు కొలత వేశాడు. జీపు తోకకు ఏటవాలుగా తగిలించి, మిషన్ కింద చిన్న చక్రాలు బిగించి, తాడుతో మెల్లగా వదలాలి. ఎక్కించేటప్పుడు ఆ తాడునే గొలుసు కప్పీకి వేసి లాగాలి. పిల్ల కూడా లాగగలదన్నాడు. గేరు కొత్తది వేసి, బేరింగులు మార్చి, హ్యాండ్ బ్రేకు కూడా బాగుచేయించాను.

మరిది వచ్చి చూశాడు. పట్టాల మీద కాలు పెట్టి ఊపాడు. వెల్డింగు బాగాలేదని మెకానిక్‌తో ఒక పొద్దు తగవు పెట్టుకుని దగ్గరుండి మళ్ళీ వేయించాడు. పోయేవాడికి వెల్డింగుతో ఏం పని అని నేను అడగలేదు.

పోవలసిన వారం వచ్చింది. ఆత్మకూరు వైపు గూడెం వాళ్ళు చలి మొదలైంది, ఎప్పుడొస్తారని ఫోను చేశారు. "ఆ ఒక్క తిరుగుడు తిరిగొస్తా, పట్టాలు ఎట్ల పని చేస్తాయో చూడొద్దా," అన్నాడు మరిది, ఎవరితోనో అన్నట్టు.

గూడెంలో మొదటిసారి దించేటప్పుడు మిషన్ మా మాట వినలేదు. పట్టాల మీద సగం దాకా మర్యాదగా వచ్చి, తర్వాత ఒక్క ఉరుకు ఉరికి, ఒకామె తెచ్చిన బొంతల కుప్ప మీద కూర్చుంది.

"మా బొంతలు ఏకను తెచ్చినామమ్మా, మీ మిషను కూర్చోను కాదు," అంది ఆమె.

"చలి పెడతాంది దానికి," అన్నాడు మరిది. ఆడవాళ్ళంతా నవ్వారు. తాడు పట్టిన నా చేతులు మండుతున్నా నేనూ నవ్వాను. రెండోసారి తాడు జీపు ముందు కొక్కేనికి ఒక చుట్టు చుట్టి వదిలాడు. అప్పుడు బిడ్డను ఉయ్యాలలో వేసినట్టు దిగింది.

ఇంజన్ నేల మీద ఆడింది. జీపు పక్కనే గమ్మున నిలబడింది. ఇన్నేళ్ళలో నిలబడిన జీపు వణకకుండా ఉండడం నేను చూడలేదు. పని మధ్యలో నాలుగైదుసార్లు లేచి పోయి దాని రేకు మీద అరచెయ్యి పెట్టి చూశాను. ఎండకు కాలుతోంది, అంతే.

తిరుగు దారిలో నేను చెప్పులు విప్పి పాదాలు రేకు మీద ఆనించాను. ఇసుక వంక దాటేటప్పుడు అతను చిన్న కర్ర వేశాడు, గట్టు ఎక్కగానే తీసేశాడు. తారు రోడ్డు వచ్చింది. జోరు పెరిగింది. రేకులో నుంచి ఇంజన్ అదురు వస్తోంది, గాలి వస్తోంది. మూలుగు ఉందో లేదో తేల్చుకోలేకపోయాను. కొత్త బేరింగు కొన్నాళ్ళు ఎట్లాగూ మూలగదు. ఇంకో తిరుగుడు, ఇంకో తిరుగుడు తిరిగితేనే తెలుస్తుంది.

నంద్యాల దాటాక అతని ఫోను మోగింది. బండి పక్కకు ఆపి మాట్లాడాడు. గాలిమరల వాళ్ళని మాటను బట్టి తెలిసింది. నేను అటు తిరిగి టార్పాలిన్ తాడు సర్దాను.

"ఇప్పుడు కుదరదు సార్," అంటున్నాడు. "చలికాలం అయిపోనీండి. అప్పుడు చూద్దాం."

ఫోను జేబులో పెట్టుకుని మళ్ళీ బండి ఎక్కాడు. నాతో ఏమీ చెప్పలేదు. చలికాలం దాకా కుదరదన్నాడు, ఆ తర్వాత పోతాడో లేదో చెప్పలేదు. నాకు అడగాలని నాలుక కొస దాకా వచ్చింది. అడిగితే ఒక జవాబు వస్తుంది. ఆ జవాబు ఏదైనా దాని పక్కన నేను కూర్చోవాలి. అందుకే వేరేది అడిగాను.

"రేపు ఏ ఊరు?"

"ముందు ఇల్లు చేరనీ వదినా."

"రాజంపేట దిక్కు బొంతలు ఉండాయంట. మొన్న ఎవరో చెప్పిరి."

"ఇల్లు చేరనీ అంటి కదా."

కసురుకోలేదు. గేరు మార్చాడు. ఇల్లు చేరేలోపు నేను ఇంకోసారి అడిగాను.